మా చలికీ ఒక సమీక్ష పెట్టండి

తెలంగాణ రెవెన్యూ, విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2025 ఏప్రిల్‌లో మీ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 4 లక్షల రూపాయలకు పెంచింది. మే నెలలో 45 డిగ్రీల ఎండ చూసే ఆదిలాబాద్ వాళ్లం కాబట్టి ఆ ఉత్తర్వు విలువ మాకు బాగా తెలుసు. కానీ మా బాధ ఎండతోనే తీరిపోదు.

డిసెంబరు, జనవరి వచ్చాయంటే భీంపూర్, బేల, తాంసి వైపు కొన్ని రాత్రులు 5, 6 డిగ్రీలకు దిగిపోతాయి. సముద్రం చాలా దూరం. మధ్య భారతం మీదుగా వచ్చే పొడి గాలికి ఇక్కడ అడ్డం లేదు. ఆకాశం తేటగా ఉండేసరికి పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రికి మిగలదు. టీవీ వాళ్లు మాత్రం తెలంగాణ కశ్మీర్ అని మురిసిపోతూ చలిమంటలు చూపిస్తారు. కప్పుకోవడానికి సరైన దుప్పటి లేకనే కదా ఆ మంట!

ఈ చలి మా జేబుకు ఎలా చిల్లు పెడుతుందో చెబుతాను. పత్తిలో తేమ 8 శాతం దాటకుంటేనే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికీ ధర కోస్తారు, 12 దాటితే కొనరు. పత్తి అమ్ముకునే రోజులే మంచు కురిసే రోజులు. రాత్రి మార్కెట్ యార్డు బయట వరుసలో బండి నిలబెట్టి, ఉన్న ఒక్క దుప్పటినీ తల మీదుగా కప్పుకుని సరుకు మీదే పడుకుంటాం. తెల్లారి చూస్తే టార్పాలిన్ మీద నీళ్లు కారుతుంటాయి. ఎనిమిదింటికి తేమ కొలిచే మీటర్ గుచ్చితే ఒక లెక్క, ఎండెక్కాక గుచ్చితే ఇంకో లెక్క. అందుకే నవంబరు నుంచి జనవరి దాకా తేమ కొలిచేది పొద్దున పదకొండు దాటాకే అని రూలు పెట్టించండి. రాత్రి ఆగే బండ్లకు షెడ్డు, రైతు పడుకోను ఒక గది చూపించండి. ఇది మార్కెటింగ్ శాఖ సంగతి అంటారేమో. చలి శాఖలు చూసుకుని రాదు కదా సార్.

ఆశ్రమ పాఠశాలల పిల్లల గురించి వేరే చెప్పాలా? ఆ చలిలో పొద్దున్నే చన్నీళ్ల స్నానం ఎవరికైనా శిక్షే. దుప్పట్లు, స్వెటర్లు దసరాకే చేతికి అందాలి, సంక్రాంతి దాటాక కాదు. గీజర్లు పెట్టడమే కాదు, అవి పనిచేస్తున్నాయో లేదో అక్టోబరులోనే ఒకసారి చూడాలి. అంగన్‌వాడీలు ఆ రెండు నెలలు గంట ఆలస్యంగా తెరిస్తే ఎవరికీ నష్టం లేదు.

మేం కొత్తగా ఏదో ప్రకటించమని అడగడం లేదు. కేంద్రం విపత్తుల జాబితాలో శీతల గాలులు 2012 నుంచే ఉన్నాయి. వడగాడ్పుల మీద ఎండలు ముదరకముందే అధికారులను కూర్చోబెట్టి మాట్లాడతారు కదా, చలి మీద కూడా అక్టోబరులో ఒక్క రోజు అలాగే కూర్చోబెట్టండి. వీలైతే హైదరాబాద్‌లో కాకుండా మా కలెక్టరేట్‌లో పెట్టండి. యార్డు వాళ్లనూ హాస్టల్ వార్డెన్లనూ కూడా పిలవండి.

ఇట్లు,
ఆదిలాబాద్ జిల్లా పత్తి రైతు