తప్పు చార్జర్‌ది, తిట్లు కంప్యూటర్‌కి

ఎడిటర్ గారికి,

పిల్లల కోసమని రాస్ప్‌బెర్రీ పై 4 కొన్నాను, అరచేతిలో పట్టేంత కంప్యూటర్ బోర్డు, అది రోజుకు నాలుగైదుసార్లు దానంతటదే ఆగిపోతుంటే మెమరీ కార్డు మార్చాను, ఫ్యాన్ కూడా పెట్టాను. ఏం లాభం? చివరికి మా పాప టీవీ తెర మూలన పసుపు మెరుపు గుర్తు చూపించింది. అంటే వోల్టేజీ 4.63 కంటే కిందికి పడిపోతోందన్నమాట. దానికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి, షాపతను అంటగట్టింది 1 ఆంపియర్ ఫోన్ చార్జర్, దారంలాంటి కేబుల్. అడిగితే 'ఏదైనా ఒకటే సార్' అన్నాడు. సరైన అడాప్టర్ పెట్టాక వారం నుంచి ఒక్కసారీ ఆగలేదు. అమ్మేవాళ్లు కాస్త ఆంపియర్లు చూసి ఇవ్వండయ్యా!

- ఒక పాఠకుడు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా