ముంబయి బ్యాచ్‌ను 10వ వారంలో ఎందుకు ఆపాను

విశాఖ బీచ్ రోడ్డులో నాతో కలిసి పరుగెత్తే మిత్రులందరికీ నమస్కారం.

జనవరిలో జరిగే ముంబయి మారథాన్ కోసం సెప్టెంబరు చివర మొదలుపెట్టిన 16 వారాల పరుగు శిక్షణ బ్యాచ్‌ను 10వ వారంలో ఆపేశాను. అందులోని వారికి ఈ మాట గత ఆదివారం సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర చెప్పాను. అప్పటికే విమానం టిక్కెట్లు కొనుక్కున్నవారు ఉన్నారు; ఇద్దరు బదులు పలకకుండా వెళ్లిపోయారు. మిగతా బ్యాచ్‌లవారు ఈ సంగతి ఆనోటా ఈనోటా వినడం కంటే నేనే చెప్పడం న్యాయం.

అక్టోబరు వానలకు రెండు వారాల శిక్షణ పోయింది. ఆ లోటు పూడ్చాలన్న తొందరలో, ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి కాళ్లకు విశ్రాంతినిచ్చే పద్ధతిని నేనే పక్కన పెట్టి, వారానికి 42 కిలోమీటర్లు పరుగెత్తుతున్నవారిని మూడు వారాల్లో 58కి తీసుకువెళ్లాను. దమ్ము త్వరగా పెరుగుతుంది, ఎముక అంత త్వరగా గట్టిపడదు. పరుగు తేలికైందని మనం సంబరపడే రోజుల్లోనే కాలికి ముప్పు ఎక్కువ. ఈ సంగతి నేను ఎక్కడో చదివి తెలుసుకున్నది కాదు, అందుకే ఎక్కువ సిగ్గుగా ఉంది.

నేను చిన్ననాటి నుంచీ క్రీడాకారుణ్ణి కానని పాతవారికి తెలుసు. బీకామ్ చదివి గాజువాకలో ఒక సంస్థలో లెక్కలు రాసుకుంటూ ఉండగా, 2010లో, 36 ఏళ్ల వయసులో, షుగరు వచ్చే అంచున ఉన్నానని డాక్టరు చెబితే బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టాను. నేవీలో రిటైరైన ఒక పెద్దాయన రోజూ పక్కవారితో కబుర్లు చెబుతూనే నన్ను దాటి పరుగెత్తేవారు. ఒకరోజు రోషం వచ్చి ఆయన వెనకే కాళీమాత గుడి దాకా పరుగెత్తి, అక్కడి గట్టు మీద కూలబడ్డాను. ఆయన వెనక్కి వచ్చి, "మాట్లాడుతూ ఎంత వేగంగా పరుగెత్తగలవో అదే నీ వేగం బాబూ" అన్నారు. నేటికీ కొత్తవారికి నేను చెప్పే మొదటి పాఠం అదే.

2013లో ముంబయిలో నా మొదటి ఫుల్ మారథాన్‌ను (42.195 కిలోమీటర్లు), పెడ్డర్ రోడ్డు ఎత్తు మొత్తం నడిచి, 5 గంటల 20 నిమిషాల్లో పూర్తి చేశాను. మరుసటి ఏడు నాలుగున్నర గంటల్లో ముగించాలన్న పంతంతో దూరం పెంచుకుంటూ పోతే, ఎడమ మోకాలి కింది ఎముక మీద రూపాయి బిళ్లంత మేర నొప్పి పుట్టింది. నూనె రాసుకుని మరీ పరుగెత్తాను. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు, ఎంఆర్ఐలో బీట బయటపడింది. పరుగు లేక కూర్చున్న ఆ నాలుగు నెలల్లో మా అపార్ట్‌మెంట్‌వారు నలుగురికి స్టాప్‌వాచ్ పట్టి చూడడంతో నా కోచింగ్ మొదలైంది. 2017లో ఉద్యోగం మానేశాను.

అప్పటి నుంచి ఎవరు కాలు నొప్పి అన్నా, ఎముక పొడవునా వారి బొటనవేలితోనే నొక్కించి చూస్తాను. నొప్పి జానెడు మేర పరుచుకుని ఉంటే సాధారణంగా కొన్నాళ్ల విశ్రాంతితో తగ్గుతుంది. ఒక్కచోట వేలు పడగానే ప్రాణం విలవిలలాడితే ఆ పూటే పరుగు ఆపించి డాక్టరు దగ్గరకు పంపిస్తాను. గత నెల ఒక సభ్యురాలు "సార్, పిక్క పట్టేసినట్టుంది" అన్నప్పుడు మాత్రం, ఆ ఆదివారం 26 కిలోమీటర్ల లాంగ్ రన్ ఉందన్న ధ్యాసలో పడి, నొక్కించలేదు. "మెల్లగా పరుగెత్తమ్మా, సర్దుకుంటుంది" అన్నాను. తెన్నేటి పార్కు దగ్గర ఆమె కూర్చుండిపోయారు. స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నని బీట, అని తేలింది. ఆ తరువాత మిగిలిన 13 మందినీ గట్టు మీద కూర్చోబెట్టి నొక్కిస్తే, మరో ఇద్దరు ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నారు.

ఆ ఇద్దరినీ ఆపి, 11 మందిని కొనసాగించవచ్చు కదా అని మూడు రాత్రులు ఆలోచించాను. ఇంట్లో లెక్క కూడా అదే చెప్పింది, ఎందుకంటే బ్యాచ్ మొత్తం ఆపితే తలకు 9,000 చొప్పున 1,26,000 రూపాయలు తిరిగి ఇవ్వాలి. కాని ఆ 11 మంది పరుగెత్తినదీ నేను రాసిచ్చిన అదే పట్టిక. ఇప్పుడు దూరం తగ్గించి మళ్లీ పెంచుకుంటూ వస్తే జనవరిలోగా 32 కిలోమీటర్ల లాంగ్ రన్ అందదు; అది చేయనివారిని నేను ఫుల్‌కు పంపను.

"సర్టిఫికెట్ లేని కోచ్ దగ్గర ఇలాగే అవుతుంది" అన్న మాట నా చెవిన పడింది. నా బోర్డు మీద సర్టిఫైడ్ అని నేనెన్నడూ రాయించలేదు. తప్పు నాదే, అయితే తెలియక చేసినది కాదు, తెలిసీ తొందరపడి చేసినది. నా దృష్టిలో అది ఇంకా పెద్ద తప్పు. గత ఆదివారం బదులు పలకకుండా వెళ్లిపోయి, 12 వారాల్లో ఫుల్ చేయిస్తామనేవారి దగ్గర చేరిన ఇద్దరి పాత పరుగుల వివరాలు, వారు అడగకపోయినా, కొత్త కోచ్‌కు చూపించుకునేందుకు వారికే పంపించాను.

ఫీజులు ఈ నెల 25లోగా ఖాతాల్లో పడతాయి. ఇకపై ఫుల్ బ్యాచ్ 24 వారాలు ఉంటుంది, వానలకు వారాలు పోతే పోటీ మారుతుంది గాని పట్టిక మారదు. ఆదివారం యథాప్రకారం ఉదయం 5 గంటలకే కలుద్దాం. ముందు అందరూ గట్టు మీద కూర్చుని కాళ్లు నొక్కి చూసుకోవాలి, నవ్వేవారు నవ్వవచ్చు. ఎంఆర్ఐ ఖర్చు నేనే పెట్టుకుంటానంటే ఆ సభ్యురాలు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి అడగబోతున్నాను.