కట్ల గది నుంచి అరిసెల దాకా చేయందించినవాళ్లకు

వంకర పాదాలతో పుట్టిన మా పిల్లల కోసం ఈ ఏడాదంతా నిలబడిన అందరికీ, ఈ పిల్లల తల్లిదండ్రుల తరఫున దండాలు. పేర్లు రాయొద్దని మీరే అన్నారు, రాయడం లేదు. మీరు చేసిన పనేమిటో మాత్రం వివరంగా రాస్తున్నాం. ఉత్త థాంక్స్‌తో ఊరుకుంటే ఆ పని ఎంత నేర్పుతో, ఎంత ఓపికతో కూడుకున్నదో బయట ఎవరికీ తెలియదు. రేపు ఇంకో ఇంట్లో ఇలాంటి బిడ్డ పుడితే ఈ వివరాలు వాళ్లకూ అక్కరకొస్తాయి.

మొదటి దండం ఆశా అక్కలకు. దాదాపు 800 నుంచి 1000 కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది. మగపిల్లల్లో ఇది రెట్టింపు ఎక్కువ, సుమారు సగం మందికి రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉంటాయి. పాదాన్ని చూడగానే ఇంట్లో ముందు వచ్చే మాట గ్రహణం. కడుపుతో ఉండగా బయటికొచ్చావా, కత్తిపీట ముట్టుకున్నావా అని పచ్చి బాలింతను నిలదీస్తారు. ఆ గదిలోకి వెళ్లి, "గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, తల్లి తప్పేమీ లేదు, కట్లతో సరిపోతుంది" అని పెద్దవాళ్ల ముందే గట్టిగా చెప్పింది మీరు. నూనె రాసి సాగదీస్తే అదే సర్దుకుంటుందని స్నానం పోసే అవ్వలు అంటుంటే ఆపింది కూడా మీరే. లోపలివైపు, మడమ వెనక స్నాయువులూ (కండరాలను ఎముకలకు కలిపే పట్టీలు), కండరాలూ పట్టేసిన పాదం మర్దనకు లొంగదు. పసిపిల్లల పాదంలో ఎముకలు ఇంకా మెత్తటి మృదులాస్థే, తెలియని చేత్తో బలంగా వంచితే అవి నలుగుతాయి. పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి చికిత్స చేయించే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది, అందులో వంకర పాదం కూడా ఉంది. ఆ దారిన జిల్లా కేంద్రంలోని డీఈఐసీకి (ఆ పథకం కింద పిల్లలను పరీక్షించి చికిత్స చేసే కేంద్రానికి) మొదటి రెండు వారాల్లోనే బిడ్డను చేర్చారంటే సగం పని అయినట్టే. ఆలస్యమైన పిల్లలకు కూడా దారి మూసుకుపోదు, కాకపోతే కట్లు ఎక్కువ పడతాయి.

ఇక కట్ల గది, అంటే ఆసుపత్రిలో పిండికట్లు వేసే గది. ఇక్కడ కొంచెం ఎక్కువే రాస్తాం. ఈ పద్ధతి ఇగ్నాసియో పొన్సెటి అనే డాక్టరుది. స్పెయిన్‌లోని మినోర్కా దీవిలో 1914లో పుట్టి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఆయన పుట్టినరోజు జూన్ 3నే ప్రపంచ క్లబ్‌ఫుట్ (వంకర పాదం) దినంగా జరుపుతున్నారు. పుస్తకంలో చదివితే తేలిగ్గానే కనిపిస్తుంది, కానీ అంతా చేతి నేర్పులో ఉంది.

వారానికో పిండికట్టు, మామూలుగా ఐదు నుంచి ఏడు. మొదటి కట్టులో బొటనవేలి వైపు ముందుపాదాన్ని పైకెత్తి, అరికాలి మధ్య పడిన లోతైన గుంటను విప్పుతారు. ఆ కట్టు చూసి పాదం ఇంకా వంకరపోయిందని తల్లులు కంగారుపడతారు. అది అలాగే ఉండాలి. తర్వాతి కట్లలో చీలమండ ముందు, బయటివైపు ఉబ్బెత్తుగా తగిలే తాలస్ ఎముక తలను చేతి బొటనవేలితో ఆనించిపట్టి, దాన్నే ఇరుసుగా చేసుకుని పాదం మొత్తాన్ని కొద్దికొద్దిగా బయటికి తిప్పుకుంటూ వస్తారు. మడమను ముట్టుకోరు. పాదం బయటికి తిరిగేకొద్దీ మడమ ఎముక తాలస్ కింద నుంచి దానంతటదే జరగాలి. మడమను పట్టి లాగినా, తాలస్‌ను వదిలి పాదం బయటి అంచు మధ్యలో నొక్కినా ఆ కదలిక అక్కడే ఆగిపోతుంది, నెలలు గడిచినా వంకర తీరదు. కిందికి వాలిన పాదాన్ని పైకెత్తడం అన్నిటికన్నా చివర. తొందరపడి ముందే పైకి నెడితే పాదం నడుమ విరిగినట్టయి, అరికాలు పడవ అడుగులా ఉబ్బుతుంది.

కట్టు మోకాలి కిందే ఆపేస్తే జారిపోతుంది. అందుకే మోకాలిని 90 డిగ్రీలు వంచి, తొడ పైదాకా, గజ్జల దగ్గరికి వేస్తారు. దూది పల్చగా ఉండాలి, మందమైతే లోపల పాదం కదిలి వారం వృథా. ఒకరు పాదం పట్టుకుంటే ఒకరు చుట్టాలి, ముందు మోకాలి కింద భాగం గట్టిపడ్డాకే పైభాగం. ఇన్ని తెలిసిన, కట్లు వేసే అన్నలు, బిడ్డ పాలు తాగి స్థిమితపడేదాకా వరసలో ఇంకెందరున్నా ఆగారు. రంపం మిషను చప్పుడుకు బిడ్డ బెదిరిపోతాడని, తడిగుడ్డ చుట్టి పావుగంట నానబెట్టి చేత్తో విప్పే తీరు మాకు నేర్పారు. అది కూడా ముందురోజు రాత్రి కాదు, కొత్త కట్టు వేసే రోజు పొద్దున్నే. రాత్రంతా కట్టు లేకపోతే సాగిన పాదం మళ్లీ బిగుసుకుంటుంది. ప్లాస్టర్ చుట్టలు అయిపోయిన వారాల్లో కొని తెచ్చిచ్చినవాళ్లకు ప్రత్యేకంగా దండాలు. ఆ వారం తప్పితే అంతకుముందు సాధించింది కొంత చేజారేది.

కాళ్ల మీద పడుకోబెట్టుకుని చెంబులతో నీళ్లు పోయడం ఆ నెలన్నరా ఉండదు, తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే. అమ్మమ్మలకు నాయనమ్మలకు ఇది కష్టంగా తోచింది, అయినా మాట విన్నారు. కాలివేళ్లను రోజూ నొక్కి చూసింది కూడా ఎక్కువగా వాళ్లే. నొక్కితే తెల్లబడి, వదలగానే ఎర్రబడాలి. వేళ్లు నీలంగానో చల్లగానో ఉన్నా, వాచినా, కట్టు వాసన వస్తున్నా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. వేళ్లు కట్టులోకి కుంచించుకుపోతున్నట్టు కనిపిస్తే కట్టు జారిందని అర్థం. జారిన కట్టు పుండు చేస్తుంది, వంకరనూ పెంచుతుంది.

చివర్లో పది మందిలో ఎనిమిది తొమ్మిది మందికి మడమ వెనక స్నాయువును చిన్న గాటుతో తెంపుతారు. చాలాచోట్ల చర్మం మొద్దుబారే మందు చాలు, కుట్లు ఉండవు. మూడు వారాల ఆఖరి కట్టులో స్నాయువు కావలసిన పొడవులో మళ్లీ అతుక్కుంటుంది.

పాదం చక్కబడింది, ఇక అయిపోయిందని అందరం అనుకునేది ఇక్కడే. నిజానికి మీ సాయం మాకు ఎక్కువ అవసరమైంది ఆ తర్వాతే. రెండు బూట్ల మధ్య కడ్డీ ఉన్న బ్రేస్ మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగేళ్లు నిండేదాకా రాత్రీ పగటి నిద్రలో కలిపి 12 నుంచి 14 గంటలు వేయాలి. వంకర తిరగబెట్టడానికి అన్నిటికన్నా పెద్ద కారణం బ్రేస్ మానేయడం. కడ్డీ పొడవు బిడ్డ భుజాల వెడల్పంత ఉండాలి. కడ్డీ మీద వంకర ఉన్న పాదం బూటు బయటికి 60 నుంచి 70 డిగ్రీలు, మామూలు పాదం బూటు 30 నుంచి 40 డిగ్రీలు తిరిగి ఉండాలి. బిడ్డ పెరిగేకొద్దీ కడ్డీనీ సరిచేయాలి. ఉగాండాలో మిఖీల్ స్టీన్‌బీక్ రూపొందించిన తక్కువ ఖర్చు నమూనా వల్ల మామూలు తోలు, ఇనుముతోనే ఈ బ్రేస్ తయారవుతుంది. తెగిన పట్టీలు కుట్టి, బకిల్‌కు ఒక బెజ్జం అదనంగా పొడిచి, పైసా తీసుకోని చెప్పుల దుకాణం పెద్దాయనకు మేమంతా రుణపడి ఉన్నాం. ఆ ఒక్క బెజ్జం విలువ చెప్పాలి. మడమ వెనక బొబ్బ వస్తే బూటు బిగువైందని వదులు చేస్తాం. అసలు కారణం బూటు వదులై పాదం లోపల జారడం. మోకాలు వంచి, మడమను కిందికి దింపి, ముందుగా బూటు మధ్య పట్టీ బిగించాలి. లోపల వేళ్లు ఆనే చోట గీత గీసి పెట్టుకుంటే, మర్నాడు వేళ్లు ఆ గీత దాకా రాలేదంటే మడమ పైకి లేచినట్టు. ముడతలు లేని నూలు మేజోళ్లు వేయాలి. ఎర్రబడిన చోట నూనె, క్రీము రాయకూడదు, చర్మం మెత్తబడి ఇంకా చితుకుతుంది.

మొదటి రెండు రాత్రులు పిల్లలు ఏడుస్తారు. కాళ్లు విడివిడిగా తన్నడం కుదరక ఆ ఏడుపు. కడ్డీ పట్టుకుని రెండు మోకాళ్లూ కలిపి వంచుతూ చాపుతూ ఆడిస్తే నేర్చుకుంటారు. ఆ రాత్రుల్లో గోడ అవతల నిద్ర మానుకుని కూడా విసుక్కోకుండా, పొద్దున్నే వచ్చి గంట సేపు బిడ్డను ఎత్తుకున్న పక్కింటి అక్కలకు, పిన్నిగార్లకు ఏమిచ్చి తీర్చుకోగలం?

నడక గురించి చాలామంది అడుగుతున్నారు. పాదాలు మామూలుగా ఉన్న పిల్లలే 8 నెలల నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా ఒంటరిగా నడుస్తారు. ఈ పిల్లలు ఒకటి రెండు నెలలు వెనకపడటం మామూలే, అత్యధికులు ఏడాదిన్నరకల్లా నడిచేస్తారు. పగలు వట్టి కాళ్లతో నేల మీద వదలండి, మంచం పట్టుకుని నిలబడనివ్వండి. చక్రాల వాకర్ వద్దు. ప్రత్యేకమైన బూట్లూ అక్కర్లేదు. పిక్క ఒకటి సన్నగా, పాదం కొంచెం పొట్టిగా ఉండిపోతుంది, దాంతో ఇబ్బంది లేదు. నడక వచ్చింది కదా అని రాత్రి బ్రేస్ తీసేయడమే ప్రమాదం. గొంతుక్కూర్చున్నప్పుడు మడమ నేలకు ఆనకపోయినా, చెప్పు బయటి అంచు ముందుగా అరుగుతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. తొందరగా పట్టుకుంటే మళ్లీ రెండు మూడు కట్లతో సరిపోవచ్చు.

అడుగులకు అరిసెలు వండి పంచడం మన ఆనవాయితీ. ఈసారి ఆ మొదటి పళ్లెం కట్ల గదికి, రెండోది చెప్పుల దుకాణానికి వెళ్లింది. పిల్లలకు పొట్టివైన బూట్లు కడిగి ఆరబెట్టి, కడ్డీతో, మరలతో సహా అట్టపెట్టెలో వేసి ఇచ్చినవాళ్ల ఇళ్లకూ అరిసెలు వస్తాయి, రెండు రోజులు ఆగండి. మిగిలినవాళ్ల దగ్గర వేళ్లు అంచు దాటి వంగుతున్న బూట్లు ఉంటే అవి కూడా పంపండి. కింది సైజు కోసం ఎదురుచూస్తూ ముగ్గురు పిల్లలు ఆఖరి కట్టులో ఉన్నారు.