తుంగతుర్తి డాక్టరు గారి గురించి ఒక్క ముక్కేనా?

సంపాదకుల గారికి నమస్కారాలు.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో ఉమ్మడి నల్లగొండ సినిమావాళ్ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. గుడిబండ కాంతారావు గారి గురించి అరపేజీ రాశారు, సంతోషం. కోదాడ వేణుమాధవ్ ఫొటో పెద్దగా వేశారు, అదీ సంతోషమే. డాక్టరు చదివి నటుడై, సినిమాలకు కథలు కూడా రాసిన ఎం. ప్రభాకరరెడ్డి గారి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘తుంగతుర్తికి చెందిన విలన్ పాత్రల నటుడు’ అని ఒక్క ముక్కతో దాటేశారు. మనసు ఊరుకోక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 1976 నుంచి 2009 దాకా సూర్యాపేటలో సినిమా ఆపరేటర్‌గా పనిచేశాను. టైటిల్స్ పడే టైముకు జనం ఇంకా గేటు కాడ టికెట్లు చింపించుకుంటూనో, చీకట్లో బెంచీ వెతుక్కుంటూనో ఉంటారు. ఆపరేటర్‌కు ఆ వీలు లేదు. ఫోకస్ సరిచూసుకునేది అక్షరాల మీదనే. క్యాబిన్ కిటికీలోంచి ఒక్కో పేరూ పట్టి పట్టి చూడాలి, అక్షరం అంచు మసకేస్తే లెన్సు తిప్పాలి. అట్లా రోజుకు నాలుగు ఆటలు, కథ ఎవరిది, మాటలు ఎవరివి అన్నీ చదివేవాణ్ని. చదివింది నోటుబుక్కులో రాసుకునేవాణ్ని. నాకు పని నేర్పిన చాచా ‘ఏందిరా, పరీక్షలకు చదువుతున్నవా’ అనేవాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ప్రింటులో అన్నిటికంటే ముందు పాడయ్యేది మొదటి రీలు మొదలే. ప్రతి ఆటకూ ఆ కొసనే ప్రొజెక్టర్‌లోకి ఎక్కించాలి గదా, పళ్ల చక్రం పట్టే కాడ చిరుగుతుంది, చిరిగిన కాడల్లా కత్తిరించి అతుకు వేస్తారు. హైదరాబాద్‌లో ఆడి, నల్లగొండలో ఆడి, బస్సు మీద డబ్బా మా దాకా వచ్చి, మా దగ్గర్నుంచి ఇంకా చిన్న ఊళ్లకు పోయేసరికి టైటిల్స్‌లో సగం ఉండేవి కావు. హీరో పేరు పోస్టర్ మీద ఉంటుంది, పోయిందేం లేదు. కథ రాసినాయన పేరు మాత్రం ఆ అతుకుల్లోనే పోయేది. తుంగతుర్తి మా సూర్యాపేటకు ఎంత దూరం? ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే ప్రభాకరరెడ్డి గారు కథలు రాస్తారని తెలియకపోవడానికి ఇదొక కారణమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ప్రభాకరరెడ్డి గారు 1935లో తుంగతుర్తిలో పుట్టారు. ఉస్మానియా మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివారు. ఆ రోజుల్లో మన పల్లెల నుంచి పోయి డాక్టరు కావడమంటే చిన్న మాట కాదు. స్టెతస్కోపు మెడలో ఉండగానే గుత్తా రామినీడు గారి ‘చివరకు మిగిలేది’లో వేషం దొరికింది. 1960 నాటి సినిమా అది, సావిత్రి గారు నర్సుగా చేశారు. అప్పటి నుంచి మద్రాసే. 470కి పైగా సినిమాలని లెక్క చెబుతారు. తండ్రిగా చేశాడు, జమీందారుగా చేశాడు, పోలీసాయనగా చేశాడు. విలన్‌గా చేస్తే మాత్రం మా హాల్లో నేల టికెట్ ఆడోళ్లు శాపనార్థాలు పెట్టేవాళ్లు. అరిచేవాడు కాదాయన. మెల్లగా, చదువుకున్నవాడిలాగా మాట్లాడుతూనే కొంపలు ముంచేవాడు. మా జనానికి ఆ నెమ్మదితనమే ఎక్కువ భయం.

ఇవన్నీ వేషాల సంగతి. మీ వ్యాసంలో పూర్తిగా తప్పిపోయింది ఆయన కథల సంగతి.

1972లో వచ్చిన ‘పండంటి కాపురం’ కథ ఆయనదే. కృష్ణ, ఎస్వీ రంగారావు, గుమ్మడి, జమున చేశారు. జయసుధ గారు తొలిసారి తెర మీదికి వచ్చింది ఆ సినిమాతోనే. ఆ ఏడాదికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. అన్నదమ్ములు ఒక్క ఇంట్లో ఉండడం, ఆ ఇల్లు చీలడం, మళ్లీ కలవడం. అది రాసిన చేయి తుంగతుర్తిదని ఎప్పుడైనా మన జిల్లా బడిలో ఎవరైనా చెప్పారా?

తర్వాత 1979లో ‘కార్తీక దీపం’. శోభన్‌బాబు, శారద, శ్రీదేవి. ఆ ప్రింటు మా హాలుకు వచ్చినప్పుడు మ్యాట్నీకి ఆడోళ్లే ఎక్కువ, పసిపిల్లల్ని చంకనేసుకొని వచ్చేవాళ్లు. ఒకరోజు రెండో సగంలో ప్రొజెక్టర్‌కు వెలుగునిచ్చే కార్బన్ కడ్డీ అయిపోయి బొమ్మ ఆగింది. మామూలుగా అయితే ఈలలు, బెంచీల మీద బాదుడు. ఆ రోజు ఒక్క ఈల లేదు. కిటికీలోంచి కిందికి చూస్తే చీకట్లో ముక్కులు చీదుకునే చప్పుడే. కడ్డీ మారుస్తుంటే నా చేతులు వణికాయి. ఆట వదిలాక మెట్ల కాడ ఒక పెద్దామె నన్ను ఆపి ‘బిడ్డా, గీ కథ ఎవలు రాసిన్రు, మా అక్క బతుకే రాసిండు గదా’ అంది. ప్రభాకరరెడ్డి అమ్మా, మన తుంగతుర్తాయన అని చెప్పాను. ‘గా విలనా? వాడు గింత మంచిగ రాస్తడా?’ అని నమ్మక, నన్ను గేట్‌కీపర్ కాడికి తీసుకుపోయి మళ్లీ అడిగింది. పాపం గేట్‌కీపర్‌కూ తెలియదు. రేపు మొదటి ఆటకు టైటిల్స్ పడక ముందే వచ్చి కూర్చోమన్నాను. వచ్చింది. చదువు రాదామెకు, పక్కన మనవడితో చదివించుకుంది.

ఆ కథనే మరుసటి ఏడాది హిందీలో ‘మాంగ్ భరో సజనా’గా తీశారు. జితేంద్ర, రేఖ చేశారు. మన మట్టి మీద పుట్టిన మనిషి కథకు బొంబాయి దాకా గిరాకీ వచ్చిందన్నమాట.

ఇప్పుడు మా ఇంట్లో కార్తీకదీపం అంటే నా మనవరాలు ‘వంటలక్క సీరియలా తాతా’ అంటుంది. ఆ పిల్లది తప్పు లేదు. 2017 నుంచి ఏళ్ల తరబడి ఇంటింటా ఆ సీరియలే గదా. టీవీలో పాత సినిమా వచ్చినా టైటిల్స్ కోసేసి నేరుగా మొదటి సీన్ వేస్తున్నారు. మేము చిరిగిపోయి కత్తిరించాల్సి వచ్చేది. వీళ్లు ఏ చిరుగూ లేకుండానే కత్తిరిస్తున్నారు. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో తిప్పినట్టవుతుంది.

సినిమా కార్మికుల ఇళ్ల కోసం ఆయన పట్టుబట్టిన సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. మణికొండ వైపు పోతే చిత్రపురి కాలనీకి డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి పేరే ఉంటుంది. లైట్లు మోసేవాళ్లు, మేకప్‌వాళ్లు ఉండే కాలనీ. ఆయన 1997 నవంబరులో పోయారు.

కాంతారావు గారికి కూడా ఆలస్యంగానే న్యాయం జరిగింది. కత్తి పట్టి జనాన్ని ఊపేసిన మనిషి. ‘సప్తస్వరాలు’ లాంటి సొంత సినిమాలు తీసి ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. 2025 జూన్‌లో గద్దర్ అవార్డుల్లో ఆయన పేరిట ఒక అవార్డు పెట్టి విజయ్ దేవరకొండకు ఇచ్చారు. నల్లగొండ పెద్దాయన పేరు మీద పాలమూరు మూలాలున్న పిల్లవాడు అందుకుంటుంటే టీవీ ముందు కూర్చొని కళ్లు తుడుచుకున్నాను. అదే వరసలో, ఉత్తమ కథకు ఇచ్చే అవార్డును ప్రభాకరరెడ్డి గారి పేరు మీద ఇవ్వాలని నా కోరిక. మీ పత్రిక రాస్తే ప్రభుత్వానికి వినపడుతుంది, నాలాంటివాడు రాస్తే వినపడదు.

మీకు నేరుగా ఒక మనవి. రోజూ మీరు టీవీ సినిమాల పట్టిక వేస్తారు. పాత సినిమా ఉన్నరోజు హీరో పేరు పక్కన కథ ఎవరిదో కూడా వేయండి. రెండు మాటల జాగా చాలు. తుంగతుర్తిలో ఆయనతో కలిసి చదువుకున్నవాళ్లు, ఆయన్ని ఎరిగినవాళ్లు ఇంకా ఎవరన్నా ఉంటే, వాళ్లు ఉండగానే మీ విలేకరిని పంపండి. ఆ వయసువాళ్లు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు.

నా నోటుబుక్కులు పదకొండు ఉన్నాయి. రెండిటికి చెదలు తగిలింది, తొమ్మిది బాగున్నాయి. ఏ సినిమాకు కథ ఎవరు, మాటలెవరు, కెమెరా ఎవరు అని తేదీలతో ఉంటుంది. తెగిపోయిన ప్రింటు అయితే ‘టైటిల్ లేదు’ అని ఎర్ర సిరాతో రాశాను. మీకు పనికొస్తాయంటే ఇస్తాను, ఫొటోలు తీసుకొని తిరిగి ఇస్తే చాలు. మీవాళ్లు సాయంత్రం నాలుగు తర్వాత వస్తే మంచిది. పొద్దున పూట కంటి ఆసుపత్రికి తిరుగుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సినిమా ఆపరేటర్,
సూర్యాపేట.