ద్రవ స్ఫటికాల్లో రాగికి చోటుంది

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో టీవీ తెరల మీద వచ్చిన వ్యాసం ఇష్టంగా చదువుతూ, ద్రవ స్ఫటికాల్లో (చాలా తెరల్లో పనిచేసేది ఈ జాతి పదార్థాలే) లోహాలకు చోటే లేదన్న మాట దగ్గర ఆగిపోయాను. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినదాన్ని. ఎం.ఫిల్. రోజుల్లో ద్రవ స్ఫటికంగా మారే రాగి సంశ్లిష్టాన్ని, అంటే రాగి అయాన్‌ను వేరే అణువులు పట్టుకుని ఉండే పదార్థాన్ని, ఈ చేతులతోనే తయారుచేశాను.

ఆల్డిహైడును, ఎమైన్‌ను ఆల్కహాలులో మరిగిస్తే నీరు విడిపోయి, కార్బన్‌కూ నైట్రోజన్‌కూ మధ్య ద్విబంధం పడుతుంది. 1864లో హ్యూగో షిఫ్ చూపిన చర్య ఇది. అందుకే ఆ పదార్థం షిఫ్ క్షారం. నాకు వచ్చింది నిమ్మపండు రంగు పొడి. దాని ద్రావణంలో వెచ్చని కాపర్ ఎసిటేటు పోయగానే పసుపు మాయమై, ముదురాకుపచ్చ మడ్డి దిగింది. ఒక్కో రాగి అయాన్‌ను రెండు క్షార అణువులు చెరోవైపు నుంచి పట్టుకుంటాయి. వాటి కొసల్లో పొడవాటి కార్బన్ గొలుసులుంటాయి. వేడికి ముందు సడలేవి ఆ గొలుసులే. నడిమి గట్టిభాగాలు మాత్రం ఇంకా వరుస తప్పవు. పారుతూనే క్రమం నిలుపుకునే ఆ దశే ద్రవ స్ఫటికం.

ఆ ఆకుపచ్చ పదార్థాన్ని పూర్తిగా కరిగించి, అణువుల్లో క్రమం ఉన్నచోటే వెలుగు చూపే ధ్రువణ సూక్ష్మదర్శిని కింద మెల్లగా చల్లారనిచ్చాను. చీకటిలో మొదట సన్నని పుల్లలు, తరువాత రంగురంగుల విసనకర్రలు విచ్చుకున్నాయి. పైనున్న గాజును సూదితో నొక్కితే అవి కదిలాయి. ఆ పూట భోజనం సంగతే మరిచిపోయాను.

ఇది నా ఘనతేమీ కాదు. జర్మనీలో ఫోర్లెండర్ అనే రసాయనవేత్త 1923లోనే పాదరసం ఉన్న షిఫ్ క్షారాల్లో ఈ గుణం చూపాడు. రాగి సంశ్లిష్టాల మీద పరిశోధన 1980లలో ఊపందుకుంది. టీవీల్లోకి రాకపోవడానికి కారణం వేరు: ఇవి చాలావరకు బాగా వేడిచేస్తే తప్ప ఆ దశకు రావు, పైగా వాటికి సొంత రంగుంటుంది.

లోహం లేని షిఫ్ క్షారాలకు తేమ గండం. గది వేడిలోనే ద్రవ స్ఫటికంగా ఉండే ఎంబీబీఏ అనే షిఫ్ క్షారం 1969లో వచ్చినా, తేమకు విడిపోయే గుణమే దాన్ని దెబ్బతీసింది. వానాకాలంలో మూత సరిగా బిగించని నా పసుపు పొడి సీసాకూ అదే గతి పట్టింది. నెల తిరిగేసరికి కరగవలసిన వేడికి ముందే కరగడం మొదలుపెట్టింది.

సవరణ వేస్తే ఆ విసనకర్రల ఫొటో కూడా వేయండి, రంగుల పేజీలోనే. నలుపు తెలుపుల్లో అవి బూజు పట్టినట్టు కనిపిస్తాయి.

- విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, తెనాలి