మంచు రోడ్ల మీదికి పంపేముందు మన పిల్లలకు ఒక్క పూట నేర్పించండి సార్

రవాణా శాఖ, బీసీ సంక్షేమ శాఖ మంత్రి పొన్నం ప్రభాకర్ గారికి నమస్కారం.

సార్, ఈ విషయం మీ రెండు శాఖలకీ సంబంధించింది, అందుకే మీకే రాస్తున్నా. మన పిల్లలు అమెరికాకో కెనడాకో చదువుకు పోయేముందు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటరు. కొందరు మీ బీసీ శాఖ ఇచ్చే జ్యోతిబా ఫూలే విద్యానిధితో పోతరు. ఈ రెండు చోట్లా, మంచు పట్టిన రోడ్డు మీద బండి ఎట్ల నడపాలో చెప్పే ఒక పూట క్లాసు తప్పనిసరి చెయ్యండి. నేను అడిగేది ఇంతే.

భూమి వేడెక్కుతుంది కదా, ఇంక అక్కడ కూడా చలి తగ్గుతది, భయమెందుకు అని మా చుట్టాలే అంటున్నరు. మొత్తం మీద గడ్డకట్టే రాత్రులు తగ్గుతున్న మాట నిజమే, కానీ రోడ్డు మీద ప్రమాదం ఆ లెక్కన తగ్గదు సార్. చలికాలమంతా మైనస్ పదిహేనులో ఉండే ఊళ్లలో మంచు పొడిగా ఉంటది, టైరుకి ఎంతో కొంత పట్టు దొరుకుతది. అసొంటి చోట్ల ఇప్పుడు జనవరిలో కూడా పగలు సున్నా దాటి మంచు కరగడం, రాత్రికి ఆ నీళ్లే మళ్లీ గడ్డకట్టడం పెరుగుతుంది, ఒక్కోసారి మంచుకి బదులు వాన పడి రోడ్డుకి తగలంగనే గట్టిపడతది. సున్నాకి దగ్గర్లో ఉన్న ఐసే అన్నిటికంటే ఎక్కువ జారుతది, పైన సన్నటి నీటి పొర ఉంటది కాబట్టి. బ్లాక్ ఐస్ అయితే కంటికే కనపడదు, కింద తారే కనిపిస్తది, తడి రోడ్డే కదా అని మామూలు స్పీడులో పోతరు. మృగశిరలో మొదటి చినుకులకు ఆయిల్ తేలి మన బైకులు జారుతయి చూడండి, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఇది.

డాలస్ చుట్టూ మనవాళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. టెక్సస్ అంటే ఎండ రాష్ట్రమే అనుకుంటం. 2021 ఫిబ్రవరి 11 పొద్దున పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో హైవే మీద ఐస్ పట్టి దాదాపు 130 బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నయి, ఆరుగురు చనిపోయిన్రు. అది వేడెక్కడం వల్లే అయిందని నేను అనట్లేదు, అలవాటు లేని చోట ఐస్ ఏం చేస్తదో చెప్తున్నా.

మా చెల్లె కొడుకు కారు కూడా అట్లనే ఒక ఫ్లైఓవర్ మీద గిర్రున తిరిగి రెయిలింగ్‌కి కొట్టుకుంది. వాడికేం కాలేదు, దేవుడి దయ. "ఫోన్‌లో మూడు డిగ్రీలు చూపించింది పెద్దమ్మా, ఐస్ ఉంటదనుకోలే" అన్నడు. ఫోన్‌లో చూపించేది మనిషెత్తులో గాలి టెంపరేచర్, మబ్బు లేని రాత్రి రోడ్డు తన వేడంతా పైకి వదిలేసి సున్నా కిందికి పోతది. ఫ్లైఓవర్లయితే కింద నేల వేడి కూడా లేక, రెండు వైపులా గాలి కొట్టి ముందే గడ్డకడతయి. ఉప్పు చల్లిన్రు కదా అని ధీమా పడొద్దు, మైనస్ తొమ్మిది, పది దాటితే మామూలు ఉప్పు సరిగ్గా పనిచెయ్యదు, ముందు వాన పడితే కొట్టుకునే పోతది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో అయితే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టమే, మన పిల్లలేమో అరిగిన టైర్ల సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంటరు.

ఇయ్యన్నీ వాళ్లకెట్ల తెలుస్తయి సార్? హైదరాబాద్ రికార్డు చలే 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. మన రోడ్డు సున్నా అనేదే చూడలే.

దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు. తెలుగులో, ఉర్దూలో ఒక వీడియో, పర్మిట్‌తో పాటు ఒక కాగితం, అక్కడ ఏండ్లుగా బండి నడుపుతున్న మనవాళ్లతో జూమ్‌లో రెండు గంటలు. జారినప్పుడు బ్రేకు తొక్కి పట్టొద్దని, యాక్సిలరేటర్ వదిలేసి పోవాల్సిన వైపే స్టీరింగ్ మెల్లగా తిప్పాలని, ముందు బండికి చాలా దూరం ఉండాలని వాళ్లే చెప్తరు. అంబేద్కర్ విద్యానిధి పిల్లలకు కూడా ఇదే పెట్టమని ఎస్సీ శాఖ వాళ్లకు మీరొక మాట చెప్పండి.

ఫాల్ బ్యాచ్ పిల్లలు ఆగస్టులో ఫ్లైట్ ఎక్కుతరు, జూలై కల్లా మొదలుపెట్టండి సార్.

ఇట్లు,
కూకట్‌పల్లి నుంచి ఒక పెద్దమ్మ