పిల్లల ప్రగతి పట్టికలో ‘గమనించలేదు’ గడి కూడా ఉండాలి

సంపాదకులకు,

అంగన్‌వాడీల్లో మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ప్రగతి పట్టికలు చాలాచోట్ల నెలాఖరున ఒక్క పూటలో, ఒకే పెన్నుతో నిండిపోతున్నాయి. ‘చేస్తుంది, సాయంతో చేస్తుంది, ఇంకా చేయడం లేదు’ వీటిలో ఏదో ఒకటి పెట్టి తీరాలి కనుక, చూడని పనికీ ‘చేస్తుంది’ అని టిక్కు పడుతోంది. ‘గమనించలేదు’ అని నాలుగో గడి ఉంటే వచ్చే వారం ఎవరిని ఏ ఆటలో చూడాలో టీచరుకు తెలుస్తుంది. సూపర్‌వైజర్లు మాత్రం ఆ గడిని బద్ధకం కింద జమకట్టకూడదు.

ఇరవై మంది పిల్లలున్న కేంద్రంలో రోజుకు ఇద్దరిని చూస్తే పది పనిదినాల్లో అందరూ వస్తారు. పిల్లలు ఆడుకుంటున్నప్పుడు అయిదు నిమిషాలు పక్కన కూర్చుంటే చాలు. పిలిచి నిలబెట్టి అడిగితే తెలిసినదీ చెప్పరు. ‘చురుకైన పిల్ల’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఆరు దిమ్మెలు పేర్చింది, పడిపోతే మళ్లీ కడతానంది, ఈసారి పెద్దవి కింద పెట్టింది’ అని తేదీతో రాయండి. చేతి పట్టు, మాట, పట్టుదల, పరిమాణంపై అవగాహన నాలుగూ అందులోనే దొరుకుతాయి. వయసు నెలల్లో వేయాలి. 37 నెలల బిడ్డనూ 47 నెలల బిడ్డనూ ‘మూడేళ్లు’ అని ఒకే గాటన కట్టడం వల్లే చిన్నవాళ్లు వెనకబడినట్టు కనిపిస్తారు.

సుమారుగా మూడేళ్లకు గుండ్రం, నాలుగేళ్లకు కూడిక గుర్తు, అయిదేళ్లకు చతురస్రం చూసి గీస్తారు. అయితే ఇంట్లో ఎన్నడూ సుద్దముక్క పట్టని పిల్లకు గీయడం రాకపోతే అది లోపం కాదు, అలవాటు లేకపోవడం. రెండు మూడు వారాలు ఇసుకలో, నేలమీద గీయనిచ్చి మళ్లీ చూడాలి. కోయ, లంబాడీ, సవర మాట్లాడే ఇళ్ల పిల్లలు తెలుగు ప్రశ్నకు మౌనంగా ఉంటే ‘మాటలు రావు’ అని రాసేయడం ఇంకా పెద్ద పొరపాటు. ఇంటి భాష తెలిసిన ఆయాతోనో తల్లితోనో అదే ప్రశ్న అడిగించాలి.

కొన్నింటికి మాత్రం ఆగకూడదు. కనబడకుండా వెనక నిలబడి మామూలు గొంతుతో పేరు పిలవండి. రెండు మూడు వేర్వేరు రోజుల్లోనూ తిరగకపోయినా, చెవి కారుతున్నా, వచ్చిన మాటలు పోతున్నా ఏఎన్‌ఎంకు వెంటనే చెప్పాలి. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం అంగన్‌వాడీకి వచ్చేది ఏడాదికి రెండుసార్లే. అప్పటిదాకా ఆగకుండా, ఎదుగుదల లోపాలను తొలి దశలోనే పరీక్షించే జిల్లా కేంద్రానికి (డీఈఐసీకి) పంపించాలి. అక్కడ తేల్చేవరకు టీచరు జబ్బు పేరు పెట్టకూడదు. చూసింది రాయడమే ఆమె పని.

ఈ వయసుకు పరీక్షలు తగవని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం స్పష్టంగా చెప్పింది. ఎల్‌కేజీకి యూనిట్ టెస్టులు పెట్టే ప్రైవేటు బడుల చెవికి అది ఎక్కినట్టు లేదు. అంగన్‌వాడీల్లో నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి జరిపే ఈసీసీఈ (పూర్వ ప్రాథమిక విద్య) డే నాడు తల్లులకు టిక్కుల పట్టిక చూపిస్తే ‘పక్కింటి పిల్లకన్నా వెనకబడిందా’ అన్న ప్రశ్నే వస్తుంది. అదే జూన్‌లోనూ సెప్టెంబరులోనూ ఆ పిల్లే గీసిన రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపవచ్చు. బొమ్మ వెనక తేదీ, అదేమిటని పిల్ల చెప్పిందో ఆ మాట ఉన్నదున్నట్టు రాసి ఉంచాలి.

— ఒక పూర్వ ప్రాథమిక విద్యా శిక్షకురాలు, ఖమ్మం